చివరి అక్షరం వినిపించాలంటే: ఇంటి రికార్డింగ్‌లో కంప్రెసర్ వాడటం ఎలా

ఇంట్లో రికార్డు చేసిన మొదటి పాట మా అమ్మకి పంపినప్పుడు ఆవిడ అన్న మాట ఇప్పటికీ నాకు కొలబద్ద. "పాట బాగుంది నాన్నా, కానీ మాటల చివర్లు మింగేస్తున్నావు" అంది. నేను మింగలేదు. గొంతు ట్రాక్ ఒక్కటే పెట్టి వింటే ప్రతి అక్షరం ఉంది. కీబోర్డు, మృదంగం కలిసేసరికి మాట మొదట్లోని గట్టి అక్షరం పైకి తేలుతోంది, చివరిది వాద్యాల కింద పడిపోతోంది. గొంతు ట్రాక్ మొత్తం పెంచి చూశాను. చివర్లు వినిపించాయి గానీ పైస్థాయి అందుకున్న చోట చెవులు గింగురుమన్నాయి.

తెలుగు అజంత భాష. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. ఊపిరి అయిపోవచ్చే చోట, గొంతు తనంతట తానే దిగిపోయే చోట ఆ అచ్చు ఉంటుంది. పైగా మనకి అర్థం చాలావరకు అక్కడే ఉంటుంది. వచ్చింది తనా, వచ్చింది నేనా, వస్తావా అని అడుగుతున్నామా, వస్తావని చెబుతున్నామా, అంతా ఆ చివరి అక్షరమే చెప్పాలి. ఈ ఇబ్బందికి వాడే పనిముట్టే కంప్రెసర్. దాని మీద దొరికే పాఠాలు ఎక్కువగా డ్రమ్స్ మీద, ఇంగ్లిష్ గొంతుల మీద ఉంటాయి. అవి చూసి నేర్చుకోవచ్చు, నేనూ అలాగే మొదలుపెట్టాను. కానీ తెలుగు పాటకి పని జరిగింది మాత్రం ఒక చిన్న సూత్రం పట్టుకున్నాకే: మాట మొదటి అక్షరం వింటూ అటాక్ (దించే వేగం) పెట్టాలి, చివరి అక్షరం వింటూ రిలీజ్ (వదిలే వేగం) పెట్టాలి. ఈ వ్యాసంలో నేర్పబోయేది అదే.

ఒక సంగతి ముందే విడదీసి పెట్టుకుందాం. పాటని ఎంపీ3గా మార్చి ఫైలు చిన్నది చేయడాన్ని కూడా కంప్రెషన్ అనే అంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. మనం మాట్లాడేది గట్టి శబ్దానికీ మెత్తటి శబ్దానికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించే కంప్రెసర్ గురించి.

యంత్రం లేకుండా ఈ పని మనుషులూ చేస్తారు. నేను ఉండేది చెన్నైలో, వడపళనిలో. విజయా-వాహినీ, ఏవీఎం స్టూడియోల పేర్లతో వెలిగిన ఈ చుట్టుపక్కలే దశాబ్దాల పాటు తెలుగు సినిమా పాటలు రికార్డయ్యాయి. అనుభవమున్న గాయకులు పైస్థాయి అందుకునేటప్పుడు మైకు నుంచి కాస్త వెనక్కి జరుగుతారు, మెల్లగా పాడే చోట దగ్గరికి వస్తారు. బల్ల దగ్గర ఇంజనీరు ఫేడర్ (శబ్దం పెంచే తగ్గించే మీట) మీద వేలు ఉంచి గట్టి చోట దించుతాడు, మెత్తటి చోట ఎత్తుతాడు. కంప్రెసర్ అంటే ఆ వేలే. ఎక్కడ దాటితే దించాలి, ఎంత దించాలి, ఎంత త్వరగా దించాలి, ఎంత త్వరగా వదిలిపెట్టాలి, ఈ నాలుగూ మనం చెబుతాం. వాటి పేర్లే థ్రెషోల్డ్, రేషియో, అటాక్, రిలీజ్.

కంప్రెసర్ తెరవకముందు

ఏ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అయినా ఫరవాలేదు, లోపల ఒక కంప్రెసర్ ఉంటుంది. నేను రీపర్ వాడతాను. దాన్ని 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, అందులో రియాకాంప్ అనే కంప్రెసర్ వస్తుంది. చూడ్డానికి ఏ అందమూ లేని ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ లోపల తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) అది. నేర్చుకోవడానికి మాత్రం నాకు తెలిసి అంత మంచిది లేదు, ఎందుకంటే ప్రతి అంకె కళ్లముందే ఉంటుంది. డబ్బు పెట్టి ఇంకో ప్లగిన్ కొనే ఆలోచన ఆరు నెలలు పక్కన పెట్టండి.

ఆ డబ్బుతో చేయాల్సిన పని వేరే ఉంది: గది చప్పుడు తగ్గించడం. కంప్రెసర్ గట్టిదాన్ని దించుతుంది, తర్వాత మనం మొత్తం పైకి లేపుతాం. అంటే 8 డెసిబెల్స్ దించి 8 లేపితే, గొంతు లేని చోట ఉన్న ఫ్యాన్ హోరు కూడా 8 డెసిబెల్స్ పైకి వస్తుంది. మా ఇంటి కింద నుంచి ఆటోలు వెళ్తుంటాయి, పొద్దున్నే కాకులు, సాయంత్రం గుడి గంటలు. కంప్రెసర్ పెట్టకముందు ఇవేవీ నా రికార్డింగ్‌లో ఉన్నట్టే తెలియలేదు. పెట్టాక ప్రతి చరణం మధ్యలో ఫ్యాన్ ఊపిరి పీల్చినట్టు లేచి పడుతూ వినిపించింది. ఇక్కడి వాళ్లు కత్తిరి అని పిలిచే మే నెల ఎండల్లో ఫ్యాన్ ఆపి పాట మొత్తం పాడటం అయ్యే పని కాదు. అందుకని రెండేసి పంక్తులు ఫ్యాన్ ఆపి పాడండి, మళ్లీ వేసుకుని చెమట ఆరనివ్వండి, మళ్లీ ఆపండి. పాడేవారి వెనక ఒక బొంత వేలాడదీయండి. మైకు ముందు వైపు, అంటే పాడేవారి వెనక ఉన్న గోడ నుంచి వచ్చే ప్రతిధ్వనే ఎక్కువగా మైకులో పడుతుంది.

రికార్డింగ్ 24 బిట్‌లో చేయండి. అతి గట్టిగా పాడిన చోట మీటర్ మైనస్ 10 దగ్గర ఆగేలా ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) గెయిన్ పెట్టుకోండి. 24 బిట్‌లో చోటు బోలెడంత ఉంటుంది, సున్నాకి, అంటే దాటితే శబ్దం పగిలే హద్దుకి, దగ్గరగా నెట్టాల్సిన అవసరం లేదు.

ఇక సాధనకి ఒక పంక్తి కావాలి. ఈ పంక్తిని మీకు నచ్చిన రాగంలో, మోహనలోనో హిందోళంలోనో, పాడి రికార్డు చేసుకోండి: "కిటికీ తెరిచి పెట్టు, గాలి వస్తుంది." ఇందులో క, ట, ప లాంటి పేలే అక్షరాలున్నాయి, 'ట్టు' అనే ద్విత్వం ఉంది, చివర జారిపోయే 'ది' ఉంది. 'గాలి'ని పైకి ఎత్తి పాడండి, 'వస్తుంది'ని సహజంగా దిగనివ్వండి. దాని వెనక ఒక కీబోర్డు ప్యాడ్ (ఆగకుండా మోగే మెత్తటి శబ్దం) పెట్టుకోండి.

కంప్రెసర్ కంటే ముందు రెండు చిన్న పనులు. మొదటిది, ఈక్వలైజర్‌తో అడుగున కోత పెట్టండి, అంటే మరీ కిందిస్థాయి శబ్దాలు తీసేయండి, మగ గొంతుకి 80 హెర్ట్జ్ దగ్గర, ఆడ గొంతుకి 100 దగ్గర. 'ప' అన్నప్పుడు మైకుని కొట్టే గాలి, బల్లకి తగిలిన మోకాలి చప్పుడు, ఇవన్నీ ఆ అడుగున ఉంటాయి. మనకి సరిగా వినిపించవు గానీ కంప్రెసర్‌కి వినిపిస్తాయి, అది వాటిని చూసి అనవసరంగా గొంతుని నొక్కేస్తుంది. రెండోది, ఒక పంక్తి మరీ గట్టిగా, ఇంకోటి మరీ మెల్లగా ఉంటే ఆ క్లిప్పుల స్థాయిని చేతితోనే దగ్గరికి తెచ్చుకోండి. పంక్తికీ పంక్తికీ మధ్య తేడా మీ పని, అక్షరానికీ అక్షరానికీ మధ్య తేడా కంప్రెసర్ పని. ఈ విభజన పాటిస్తే సగం కష్టం తీరుతుంది.

లెక్క ఒక్కసారి కాగితం మీద చేయండి

'గాలి' మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉందనుకుందాం, 'ది' మైనస్ 28 దగ్గర. మధ్య దూరం 16. థ్రెషోల్డ్ మైనస్ 24 పెట్టాం, రేషియో 3:1. 'గాలి' ఆ థ్రెషోల్డ్ గీతని 12 డెసిబెల్స్ దాటింది. మూడు దాటితే ఒకటే బయటికి వదులుతుంది కాబట్టి 12 దాటితే 4 వదులుతుంది. అంటే 'గాలి' మైనస్ 20కి దిగింది. దించిన 8 డెసిబెల్స్‌ని గెయిన్ రిడక్షన్ మీటర్ చూపిస్తుంది. 'ది' గీత దాటలేదు, మైనస్ 28లోనే ఉంది. ఇప్పుడు మధ్య దూరం 8. మేకప్ గెయిన్‌తో మొత్తం 8 లేపితే 'గాలి' మళ్లీ తన పాత మైనస్ 12కి వచ్చింది, 'ది' మైనస్ 20కి వచ్చింది. పై అక్షరం ఉన్నచోటే ఉంది, కింది అక్షరం పైకి వచ్చింది. మనకి కావాల్సింది ఇదే.

కాగితం మీద ఇంత చక్కగా కుదిరిన లెక్క చెవికి కుదరకపోవడానికి కారణం కాలం. దించడానికి, వదలడానికి పట్టే సమయాలు. నేర్చుకోవాల్సిన విద్య అంతా అక్కడే ఉంది.

ముందు బాగా చెడగొట్టండి

సున్నితంగా పెట్టిన కంప్రెసర్ కొత్త చెవికి వినిపించదు. నెలల తరబడి నేను మీటర్ సూదిని చూసి పని జరుగుతోందనుకున్నాను. అందుకని వినిపించేంత ఎక్కువగా పెట్టి నేర్చుకోండి. రేషియో 10:1 చేయండి. అటాక్, రిలీజ్ రెండూ వీలైనంత తక్కువకి తెచ్చి, గెయిన్ రిడక్షన్ మీటర్ 15 దాకా దిగేలా థ్రెషోల్డ్ కిందికి లాగండి. ఆ పంక్తిని లూప్‌లో పెట్టండి. గొంతు చదునుగా, గీరుకుపోయినట్టు వినిపిస్తుంది. పదాల మధ్య ఊపిరి గొంతంత గట్టిగా ఉంటుంది. బాగుందా లేదా అని ఇప్పుడు ఆలోచించకండి.

ఇప్పుడు అటాక్ ఒక్కటే కదపండి, కళ్లు మూసుకుని. చెవి 'కిటికీ'లో మొదటి 'కి' మీద, 'పెట్టు'లో 'పె' మీద పెట్టండి. సున్నాకి దగ్గరగా ఉన్నప్పుడు 'కి' మొద్దుబారి, గొంతు ఒక అడుగు వెనక్కి వెళ్లినట్టుంటుంది. మెల్లగా 5, 10, 20 మిల్లీసెకన్లకి పెంచుతూ పోండి. ఒక చోట 'కి' మేల్కొంటుంది. హల్లు పేలే క్షణం పది ఇరవై మిల్లీసెకన్ల పని. అంతసేపు కంప్రెసర్ ఆగితే హల్లు చెక్కుచెదరకుండా బయటికి వచ్చేస్తుంది, ఆ వెనక వచ్చే అచ్చుని అది పట్టుకుంటుంది. ఇంకా పెంచి 50, 60 దాటితే హల్లు మరీ ముందుకు దూకి, మాట మాటకీ రాయి విసిరినట్టుంటుంది. ఈ రెండు చివర్ల మధ్య మీ గొంతుకి సరిపోయే చోటు వెతకండి. నా గొంతుకి సాధారణంగా 12కీ 18కీ మధ్య కుదురుతుంది. కీచుమనే గొంతుకి, హల్లులు బాగా కొట్టి పలికే గొంతుకి ఇంకా తక్కువ కావాలి. ఒక హెచ్చరిక: ప్లగిన్ మీది మిల్లీసెకన్లు ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది. ఒకదానిలో 10 ఇంకోదానిలో 10 కాదు. అంకె గుర్తుపెట్టుకోకండి, 'కి' ఎలా వినిపించిందో గుర్తుపెట్టుకోండి.

తర్వాత రిలీజ్. ఇక్కడ తొందరపడకండి, ఒక గంట ఇవ్వండి. చెవి 'ది' మీద పెట్టండి. రిలీజ్‌ని 500 మిల్లీసెకన్లకి తీసుకెళ్లి వినండి. 'గాలి' దగ్గర కంప్రెసర్ నొక్కింది, వదలడానికి అర సెకను తీసుకుంటోంది. ఈలోపు 'వస్తుంది' వచ్చి వెళ్లిపోయింది. 'గాలి'తో పాటే 'ది' కూడా కిందికి పోయింది. కాగితం మీద దగ్గరైన దూరం ఇక్కడ దగ్గర కాలేదు, రెండూ కలిసి దిగాయంతే. అమ్మ మింగేశావన్నది ఇదే. ఆ రోజుల్లో ఎక్కడో చూసి గొంతుకి రిలీజ్ ఎక్కువ పెట్టాలని నమ్మి అన్ని పాటలకీ అలాగే పెట్టేవాణ్ణి.

ఇప్పుడు కిందికి తీసుకురండి. 300, 200, 120, 80. ఒక చోట 'ది' పైకి లేస్తుంది. నిజంగానే లేచినట్టు వినిపిస్తుంది, ఎవరో వేలితో ఎత్తినట్టు. అప్పటికి కంప్రెసర్ పట్టు వదిలేసింది కాబట్టి ఆ అక్షరం తన పూర్తి ఎత్తులో వచ్చింది. ఇంకా కిందికి, 20 దాకా పోతే రెండు చెడులు మొదలవుతాయి. 'పెట్టు'లో 'ట్టు'కి ముందు నాలుక అంగిలికి ఆనుకుని ఒక చిన్న నిశ్శబ్దం ఉంటుంది చూశారా, ఆ సందులో గది చప్పుడు పైకి ఉబుకుతుంది. ద్విత్వాలు ఎక్కువగా ఉండే మన భాషలో ఈ ఉబుకుడు తరచుగా తగులుతుంది. రెండోది, కింది స్వరాల్లో గొంతు బొంగురుపోతుంది. 100 హెర్ట్జ్ స్వరంలో ఒక్కో అలకి 10 మిల్లీసెకన్లు పడుతుంది. కంప్రెసర్ అంతకంటే చురుగ్గా పట్టి వదిలితే ఒక్కో అల ఆకారాన్నే నలిపేస్తుంది. మంద్రస్థాయిలో ఒక స్వరం నిలబెట్టి పాడి చూడండి, తెలిసిపోతుంది.

'ది' లేచి, 'ట్టు' ముందు సందు ఉబకని చోట ఆగండి.

చెవికి ఆ రెండూ దొరికాక వాటిని కదపకుండా, రేషియో 3:1కి తెచ్చి, థ్రెషోల్డ్ పైకి లేపండి. గెయిన్ రిడక్షన్ గట్టి అక్షరాల దగ్గర 4 నుంచి 6 మధ్య కదులుతూ, ఊపిరి తీసుకునే చోట సున్నాకి తిరిగి రావాలి. మీటర్ సున్నాకి ఎప్పుడూ రాకపోతే థ్రెషోల్డ్ మరీ కింద ఉందన్నమాట. రియాకాంప్‌లో 'నీ సైజు' (knee, అంటే మోకాలు) అని ఉంటుంది, గీత దగ్గర మలుపు ఎంత నున్నగా ఉండాలో చెప్పేది. గొంతుకి 6 పెట్టి మరిచిపోండి.

సమానం చేసి పోల్చడం

ఇది మానేస్తే పైన చేసిందంతా వృథా. కొంచెం గట్టిగా ఉన్నది మనిషి చెవికి ఎప్పుడూ మెరుగ్గానే వినిపిస్తుంది. కంప్రెసర్ పెట్టి 3 డెసిబెల్స్ పెంచి, ఆహా బాగుందనుకుంటాం. బాగైంది కంప్రెషన్ వల్ల కాదు, పెరిగిన శబ్దం వల్ల. కాబట్టి ఆటో మేకప్ అన్న పెట్టెలో టిక్ తీసేయండి. బైపాస్ (కంప్రెసర్‌ని తాత్కాలికంగా పక్కన పెట్టే మీట) నొక్కుతూ, తీస్తూ, రెండు స్థితుల్లోనూ గొంతు ఒకే ఎత్తులో వినిపించేలా అవుట్‌పుట్‌ని చేతితో సరిచేయండి. అప్పుడు కళ్లు మూసుకుని నాలుగైదు సార్లు బైపాస్ నొక్కి, ఇప్పుడు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో మరిచిపోయి, వినండి. ఏది మెరుగ్గా ఉంటే అదే ఉంచండి. బైపాసే బాగుంటే కంప్రెసర్ తీసేయండి. కొన్ని పంక్తులకి నిజంగానే అక్కర్లేదు. లాలిపాట లాంటి, గొంతూ ఒక్క తంబురా మాత్రమే ఉన్న పాటలో గొంతు దిగడమే అందం.

పోల్చేటప్పుడు గొంతు ఒక్కటే కాదు, ప్యాడ్‌తో కలిపి వినండి, అదీ పక్కగదిలోని వాళ్లకి వినిపించనంత తక్కువ శబ్దంలో. చివరి అక్షరం తక్కువ శబ్దంలో నిలబడితే ఎక్కడైనా నిలబడుతుంది.

ఒకటి కాదు, రెండు మెత్తగా

ఒక కంప్రెసర్‌తో 8 డెసిబెల్స్ దించేకంటే రెండింటితో మూడు నాలుగు చొప్పున దించడం గొంతుకి హాయిగా ఉంటుంది. ఈ జోడీ పాత యంత్రాల నుంచి వచ్చింది. మొదటిది 1176 అనే కంప్రెసర్, 1967లో అమెరికన్ ఇంజనీరు బిల్ పట్నమ్ తయారుచేసింది. దాని అటాక్ 20 మైక్రోసెకన్ల నుంచి 800 మైక్రోసెకన్ల దాకా, అంటే అతి నెమ్మది అటాక్ కూడా ఒక మిల్లీసెకన్ లోపే. ఎగిరిపడే శిఖరాలని అది పట్టుకుంటుంది. రెండోది ఎల్ఏ-2ఏ, లోపల ఒక కాంతి వెలిగి, ఆ వెలుగుని బట్టి శబ్దాన్ని దించే యంత్రం. అటాక్ 10 మిల్లీసెకన్ల చుట్టూ ఉంటుంది. వదిలేటప్పుడు సగం పట్టు 60 మిల్లీసెకన్ల చుట్టూ వదిలేసి, మిగతా సగం సెకన్ల మీద నెమ్మదిగా వదులుతుంది. మన 'ది' లేవడానికి ఆ మొదటి సగం చాలు, పంక్తి మొత్తం ఊగకుండా ఉండటానికి రెండో సగం పనికొస్తుంది. తెలుగు గొంతుకి నాకు అంత నచ్చడానికి కారణం అదేననుకుంటాను. వీటి నకళ్లు ప్లగిన్లుగా చాలా దొరుకుతాయి. 1176 నకలు వాడితే ఒకటి గమనించండి: దాని నాబ్‌లు తలకిందులు, 7 అంటే అతి వేగం, 1 అంటే అతి నెమ్మది. ఇది తెలియక ఒక పాట మొత్తం తిరగేసి పెట్టాను.

కంప్రెసర్ల తర్వాత శ, ష, స చురుక్కుమనడం మొదలవుతుంది. అచ్చులు దిగి, అవి దిగకుండా ఉండిపోతాయి మరి. డీ-ఎస్సర్ (ఆ చురుకుని మాత్రమే దించే ప్లగిన్) 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య పెట్టి కొద్దిగా తగ్గించండి. ఎక్కువ తగ్గిస్తే 'శ', 'స' రెండూ ఒకటైపోతాయి.

మృదంగం దగ్గర జాగ్రత్త

మృదంగానికి అదే అమరిక పెట్టకండి. ఎడమ వైపు రవ్వ ముద్ద పెట్టి వాయించే 'తోం' అడుగున పెద్ద అలలా వస్తుంది. కంప్రెసర్ దాన్ని చూసి మొత్తం దించితే, అదే క్షణంలో కుడి వైపు పడిన సన్నటి వేలి దెబ్బలు మాయమవుతాయి. రియాకాంప్‌లో డిటెక్టర్‌కి (కంప్రెసర్ శబ్దాన్ని కొలిచే భాగానికి) హైపాస్ అని ఉంటుంది, కిందిస్థాయి శబ్దాల్ని దానికి వినిపించనివ్వదు. దాన్ని 150 హెర్ట్జ్ దగ్గర పెడితే కంప్రెసర్ 'తోం'ని పట్టించుకోవడం మానేస్తుంది, మనం వినే శబ్దంలో మాత్రం 'తోం' తగ్గదు. అటాక్ 25, 30 దాకా ఇవ్వండి, దెబ్బ దెబ్బలా ఉండాలి. రిలీజ్‌ని నడక నుంచి లెక్కించండి: నిమిషానికి 80 లెక్కన తాళం నడిస్తే ఒక్కో తాళాక్షరం (తాళంలో ఒక లెక్క) 750 మిల్లీసెకన్లు, తాళాక్షరానికి నాలుగు దెబ్బలు పడితే దెబ్బకీ దెబ్బకీ మధ్య 187. ఆ లోపు పట్టు వదలాలి, కాబట్టి 120 దగ్గర మొదలుపెట్టి వినండి. రెండు మూడు డెసిబెల్స్ మించొద్దు. తనిలో, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగంలో, గట్టిగా మెల్లగా వాయించిన తేడాలన్నీ కళాకారుడు కావాలని చేసినవి. వాటిని చదును చేసే హక్కు మనకి లేదని నా గట్టి అభిప్రాయం.

మొత్తం పాట మీద కంప్రెసర్ పెట్టాలనిపిస్తే 2:1, అటాక్ 30, గెయిన్ రిడక్షన్ ఒకటి రెండు డెసిబెల్స్, అంతే. శబ్దం ఇంకా పెంచాలన్న ఆరాటం వద్దు. స్పాటిఫై మామూలు అమరికలో పాటలన్నిటినీ మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. మీరు నలిపి గట్టిగా చేసి పంపినా అది తిరిగి దించుతుంది, నలిగినతనం మాత్రం మిగిలిపోతుంది.

మిక్సింగ్‌కి ఇంకొకరికి పంపుతుంటే కంప్రెసర్ తీసేసిన గొంతు ట్రాక్ పంపండి. మీ అమరిక నచ్చితే దాన్ని విడిగా రెండో ఫైలుగా ఇవ్వండి. ఒకసారి ఫైల్లోకి ఎక్కిన కంప్రెషన్‌ని వెనక్కి తీయడం కుదరదు. నలిపిన ఫైల్ ఒక్కటే ఉంచుకుని అసలుది చెరిపేసినందుకు ఒక పాట మళ్లీ మొదటి నుంచి పాడాల్సి వచ్చింది నాకు.

ఆఖరి పరీక్షకి పరికరాలేవీ అక్కర్లేదు. పాట ఎరగని ఒకరిని, ఇంట్లో వాళ్లో పక్కింటి తెలుగువాళ్లో ఎవరైనా సరే, కూర్చోబెట్టి ఫోన్ స్పీకర్‌లో పల్లవి వినిపించి, విన్నది విన్నట్టు కాగితం మీద రాయమనండి. 'వస్తుంది' అని రాశారా, 'వస్తుం' దగ్గర ఆగి మీ మొహంలోకి చూశారా గమనించండి. ఆగితే తిరిగి రిలీజ్ దగ్గరికి వెళ్లండి. మా అమ్మ చేత ఇప్పటికీ ఫోన్లో ఆ పంక్తి తిరిగి చెప్పించుకున్నాకే పాట పూర్తయినట్టు లెక్క.